ఎస్ఫందియార్ మర్యాద

మా చర్చిలో ఆదివారం ప్రార్థన అయ్యాక సమోవర్ కాగు దగ్గర నిలబడి టీ పోసేది నేనే. ఎస్ఫందియార్ చేత ఒక గ్లాసు టీ తాగించడమంటే పెద్ద పని. ముందు "వద్దు తూబా అక్కా, మీకెందుకు శ్రమ" అంటాడు. మళ్ళీ అడిగితే "పెద్దవాళ్ళకివ్వండి, నాదేముంది" అంటాడు. మూడోసారి కసిరితే గాని అందుకోడు. మా ఇరాన్ వాళ్ళందరికీ ఈ తారోఫ్ ఉగ్గుపాలతో వచ్చిందే. తనను తాను తగ్గించుకోవడం, ఎదుటివాణ్ణి నెత్తిన పెట్టుకోవడం తెలియని మనిషిని మా వైపు మనిషిగానే జమకట్టరు. జర్మనీ వచ్చిన ఏడాదికల్లా చాలామందికి అది అరిగిపోతుంది. ఇక్కడ ఒకసారి వద్దంటే గ్లాసు వెనక్కి వెళ్ళిపోతుంది మరి. ఎస్ఫందియార్‌కి మాత్రం అరగలేదు.

షిరాజ్‌లో కుట్టుమిషన్లు బాగుచేసుకుని బతికిన మనిషి. మతం మారితే మా దేశంలో జైలే. ఏసుప్రభువును నమ్ముకున్నాక కొన్నేళ్ళపాటు సొంత ఇంట్లోనే, కిటికీలు మూసి, గొంతు తగ్గించి ప్రార్థనలు నడిపాడు. బైబిలు చదివి చెప్పిందీ, పాటలు నేర్పిందీ, భయపడి మానేసినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ధైర్యం చెప్పిందీ ఆయనే. ఒకరోజు రొట్టెల కోసం బజారుకు వెళ్ళి వచ్చేసరికి ఇంటిముందు పోలీసు బళ్ళున్నాయి. లోపలివాళ్ళను తోసుకుంటూ ఎక్కిస్తున్నారు. చేతిలో రొట్టెలతోనే వెనక్కి తిరిగి, అటునుంచి అటే దేశం దాటాడు. భార్య మహ్‌రోఖ్ అప్పుడు పుట్టింట్లో ఉండబట్టి వాళ్ళకు దొరకలేదు. ఈ సంగతులన్నీ ఆవిడ ఫోన్లో చెబితే నాకు తెలిశాయి. ఈయన్నడిగితే "ఎవరో పుణ్యాత్ములు వచ్చేవారక్కా, నేను టీ ఇచ్చేవాణ్ణి" అనేవాడు. కొండంతను గోరంత చేసి చెప్పడంలో ఆయన్ను మించినవాడు లేడు.

ఆశ్రయం ఇచ్చే ఆఫీసువాళ్ళు ఆయన అర్జీ కొట్టేశారు. ఇతని నమ్మకం నిజమైనదని మాకు నమ్మకం కలగలేదు అన్నారు. కోర్టుకు వెళ్ళాం. అక్కడా ఓడిపోతే విమానం ఎక్కించి వెనక్కి పంపుతారు. అక్కడ ఆయన కోసం ఏం కాచుకుని ఉందో మాకెవరికీ ఒకరు చెప్పనక్కర్లేదు.

మా జర్మను పాస్టరమ్మ హైకె, లాయరమ్మ కలిసి ఆయన్ను బైబిలు ప్రశ్నలతో ఊదరగొట్టారు. ఆయన ఒక్కటీ తప్పలేదు. నా దిగులు వేరు.

"నువ్వు బైబిల్లో తప్పవు, మర్యాదలో తప్పుతావు" అన్నాను. "కోర్టులో తారోఫ్ చేశావంటే నా చేతిలో చస్తావు."

"అయ్యో, మీ మాట నా కళ్ళకద్దుకుంటానక్కా."

"అదిగో, అదే వద్దన్నది! మొహమాటానికి పోతే కడుపయిందట నీలాంటిదానికే."

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేను వదలలేదు.

"నేనే జడ్జిని. చెప్పు, నువ్వు నిఖార్సయిన క్రైస్తవుడివేనా?"

తల వంచేశాడు. "మీ అందరి ముందు నేనెంతక్కా?"

"తన్నులు తింటావు. అవునండీ అను."

"అవునండీ" అన్నాడు, చేదుమందు మింగినవాడిలా.

కోర్టులో నేను వెనక బల్ల మీద కూర్చున్నాను. ఆ జడ్జి కసురుకునే మనిషైనా బాగుండేది. నెమ్మదస్తుడు, తెల్లజుట్టు, ఎంతో ఓపిక. మీకు మంచినీళ్ళు కావాలా అని తనే అడిగాడు. మావాడు వద్దన్నాడు. కూజా ఉన్నచోటే ఉండిపోయింది, ఆ పూటంతా ఈయన ఎండిన గొంతుతోనే మాట్లాడాడు.

"మీ ఇంట్లో ప్రార్థనలు నడిపింది మీరేనా?" అని అడిగాడు జడ్జి.

"నేను నడపడమేమిటయ్యా? దేవుడు నడిపాడు, వచ్చినవాళ్ళు నడిపారు. నేను టీ ఇచ్చాను."

దుబాసీ అక్షరం పొల్లుపోకుండా జర్మనులో చెప్పాడు. అతని పని అదే, అతన్ని అనుకుని లాభం లేదు. నేను ఉండబట్టలేక "ఓరి నాయనో" అన్నాను. జడ్జి నావైపు చూశాడు. నోరు మూసుకున్నాను.

"మీ విశ్వాసం గట్టిదని మీరు చెప్పగలరా?"

"పాస్టరమ్మ లాంటివాళ్ళుండగా నాదీ ఒక విశ్వాసమేనా అయ్యా?"

"వెనక్కి వెళ్ళాల్సి వస్తే అక్కడ ప్రార్థనలకు వెళ్తారా, లేక మనసులోనే దాచుకుని ఉండగలరా?"

కేసంతా ఈ ప్రశ్న మీదే నిలబడుతుందని లాయరమ్మ నెత్తీనోరూ కొట్టుకుని చెప్పింది. ఎస్ఫందియార్ చెయ్యి గుండెమీద పెట్టుకున్నాడు. "మీరేది సబబంటే అదేనయ్యా. మీకు తెలియనిది నాకేం తెలుసు?"

లాయరమ్మ సరిగ్గా చెప్పండని బతిమాలింది. ఆయన ఆవిడ వంక నొచ్చుకున్నట్టు చూశాడు. చివరికి జడ్జి, మీరు ఇంకేమైనా చెప్పదలచుకున్నారా అని అడిగాడు. అందరం ఆయన వంకే చూశాం. ఇప్పుడైనా, ఒక్క ముక్కైనా.

"మీ భోజనాల వేళ దాటిపోయింది. నా మూలంగా ఆలస్యమైంది, క్షమించండి" అన్నాడు.

బయటికి రాగానే దులిపేశాను. "ఏం మనిషివయ్యా! నీ మెడకు నువ్వే ఉరి బిగించుకుంటివి గదా!"

"అంత పెద్దమనిషి అంత గౌరవంగా అడుగుతుంటే, ఎదురుగా కూర్చుని నేను ఇంతవాణ్ణి అంతవాణ్ణి అని ఎట్లా చెప్పుకోనక్కా? నోరు రాలేదు."

తీర్పు పోస్టులో వచ్చింది. తన విశ్వాసం లెక్కలోది కాదని అర్జీదారే ఒప్పుకున్నాడట. ఇంట్లో సమావేశాలకు టీ ఇవ్వడం తప్ప చేసిందేమీ లేదట. వెనక్కి వెళ్ళి, నమ్మకాన్ని మనసులో ఉంచుకుని బతకగలడట. పాస్టరమ్మ చెప్పిన సాక్ష్యానికి రెండు ముక్కల్లో మర్యాద చేసి పక్కన పెట్టారు. పై కోర్టు వాళ్ళు అసలు విచారణకే తీసుకోలేదు.

హైకె నా భుజం మీద తలపెట్టి ఏడ్చింది. "ఆయన అబద్ధాలెందుకు చెప్పాడు తూబా?"

"అబద్ధాలు కావమ్మా, మర్యాద" అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ ఊరేదో గాని ఇది మాత్రం కాదు. నాకు జడ్జి మీద కోపం వచ్చింది, ఎస్ఫందియార్ మీద అంతకంటే ఎక్కువ వచ్చింది, మాకీ అలవాటు నేర్పిన మా అమ్మలందరి మీదా వచ్చింది. ఆ కోపమంతా దిగాక మిగిలింది బాధే.

ఒకరోజు పొద్దున్నే పోలీసులొచ్చి తీసుకెళ్ళారు. గది శుభ్రంగా లేదు, ఏమీ అనుకోకండి అని వాళ్ళతో అన్నాడట. పక్క గదిలోవాడు చెప్పాడు.

వారం తిరక్కముందే మహ్‌రోఖ్ ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు లేదు, ఏడ్చి ఏడ్చి అయిపోయినట్టుంది. విమానం దిగగానే టెహ్రాన్‌లోనే పట్టుకున్నారట. లోపల కూర్చోబెట్టి, నువ్వు క్రైస్తవుడివా అని అడిగారట.

"ఏమన్నాడు?" అన్నాను.

"అవును అన్నాట్ట అక్కా. ఇంట్లో ప్రార్థనలు నడిపింది నేనే, మీరు పట్టుకెళ్ళినవాళ్ళకి బైబిలు చెప్పింది నేనే, వదిలిపెడితే మళ్ళీ చెబుతాను అన్నాట్ట. జైల్లో వేశారు. ఎన్నేళ్ళో ఇంకా తెలీదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఈ ముక్క ఇక్కడ చెప్పి ఉంటే ఈపాటికి నా ఎదురుగా కూర్చుని టీ తాగుతుండేవాడు కదే! ఇక్కడ రాని నోరు ఆ దుర్మార్గుల ముందు ఎలా వచ్చింది?"



"వాళ్ళకి మర్యాదేమిటక్కా" అంది మహ్‌రోఖ్.