పెళ్ళి కాలేదని రాసిచ్చిన ఆదివారం

నా చిన్నప్పుడు, పదకొండేళ్ళ వయసులో, ఒక ఆదివారం మధ్యాహ్నం మేము పోగొట్టుకున్నవాటిని ఇప్పటికీ వరసగా చెప్పగలను. నాటింగ్‌హామ్‌లో రెండు గదుల ఫ్లాటు ఒకటి. నేను చదువుతున్న బడి ఒకటి, అందులో ముగ్గురు స్నేహితురాళ్ళు. వంటింటి కిటికీలో అమ్మ నాలుగు చలికాలాలు కాపాడుకొచ్చిన కరివేపాకు మొక్క ఒకటి. పన్నెండేళ్ళుగా అమ్మ ‘మా ఆయన’ అని చెప్పుకున్న మనిషి ఒకడు. మొత్తం ఏడు. లెక్కలు నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఆ ఏడింటితోనే మొదలుపెట్టాను.

అసలు తప్పు నేను పుట్టకముందే జరిగింది. అమ్మానాన్నల పెళ్ళి ఆ ఊళ్ళోనే ఒక కమ్యూనిటీ హాల్లో, ఆదివారం ముహూర్తానికి, పంతులుగారి మంత్రాలతో, రెండు వందల మంది భోజనాలతో జరిగింది. ఆ దేశపు చట్టానికి అది చాలదు. రిజిస్ట్రీ ఆఫీసుకు వెళ్ళి సంతకాలు పెట్టాలి. ఆఫీసువాళ్ళు ఇచ్చిన రోజు మంగళవారం. మంగళవారం పెళ్ళి సంతకమేమిటని మా నాయనమ్మ ఫోన్లో కసిరింది. తర్వాత దొరికిన రోజు మూఢంలో పడింది. ఆపైన ఎవరూ ఆ ఊసెత్తలేదు. తాళి ఉంది, ఆల్బం ఉంది, ఇంకేం కావాలనుకున్నారు.

పన్నెండేళ్ళ తర్వాత నాన్నకు స్విండన్‌లో మంచి ఉద్యోగమూ, ఇంకొకావిడతో స్నేహమూ ఒకేసారి దొరికాయి. ఆరు నెలలు విడిగా ఉన్నాక, ఆ ఆదివారం తన స్నేహితుడైన ఒక అంకుల్‌ని పెద్దమనిషిగా వెంటబెట్టుకుని మాటలకు వచ్చాడు. కోరికలు రెండు. ఫ్లాటు తన పేరున ఉంది కాబట్టి అమ్మ ఖాళీ చేయాలి. నేను తనతో స్విండన్ వెళ్ళాలి. నేను ఎవరితో ఉంటానన్నది ఆ మధ్యాహ్నం తేలిపోవాలి. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

అమ్మకు తోడుగా పై ఫ్లాట్ ఆంటీ వచ్చి కూర్చుంది. గుంటూరు వైపు మనిషి. ఊళ్ళోనే ఒక సొలిసిటర్ ఆఫీసులో టైపిస్టు. నేను సోఫా చివర హోంవర్క్ ముందేసుకుని ఉన్నాను. ఎప్పుడూ ఇంగ్లీషులోనే బదులు చెప్పేదాన్ని కాబట్టి, తెలుగులో ఏం మాట్లాడుకున్నా నాకు పట్టదని పెద్దవాళ్ళ నమ్మకం. నాకు ప్రతి మాటా అర్థమయ్యేది. ఫ్లాట్‌లో అమ్మకూ సగం రావాలని ఆంటీ ముందుగా అడిగింది.

“ఫ్లాట్‌లో ఆవిడకి సగమేంటండీ? రిజిస్టర్ చెయ్యని పెళ్ళి ఇక్కడ పెళ్ళే కాదు. లాయర్ చెప్పాడు,” అన్నాడు నాన్న.

“చట్టం చట్టమేనమ్మా,” అన్నాడు అంకుల్, కారప్పూస నములుతూ. వేళ్ళకంటిన నూనె మా సోఫాకే తుడుచుకున్నాడు. ఆ కారప్పూస అమ్మ చేసిందే.

అమ్మ తల దించుకుంది. ఆంటీ గొంతు పెంచలేదు. నా లెక్కల పుస్తకంలోంచి ఒక కాగితం చింపి నాన్న ముందు పెట్టింది. “మీరన్నది నిజమే అన్నయ్యగారూ. రేపు మాట మార్చారని ఎవరూ అనకుండా ఆ ముక్క రాసివ్వండి. పెళ్ళి కాలేదని. వీరు సాక్షి.”

నాన్న గుండ్రటి అక్షరాలతో, తప్పు లేకుండా రాసి సంతకం పెట్టాడు. అంకుల్ కూడా పెట్టాడు. కాగితం చివర నూనె మరక పడింది. ఆంటీ దాన్ని మడిచి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

“సరే, ఇక పాప సంగతి. పెళ్ళి కానివాళ్ళకు పుట్టిన బిడ్డ మీద ఇక్కడ హక్కు తల్లి ఒక్కదానికే. తండ్రికి కావాలంటే తల్లి ఒప్పుకుని సంతకం పెట్టాలి, లేకపోతే కోర్టు ఇవ్వాలి. అందాకా పాపని స్కూలు మార్చడానిక్కూడా మీ మాట చెల్లదు.”

“బర్త్ సర్టిఫికెట్‌లో నా పేరుందండీ!”

“ఉంది. అది చాలదు.”

ఆ చట్టం తర్వాత కొన్నేళ్ళకు మారింది. అప్పటికి అంతే.

“ఇదేం అన్యాయం! రెండొందలమంది ముందు తాళి కట్టాను!”

“ఫ్లాట్ దగ్గర లేని పెళ్ళి పాప దగ్గరికొచ్చేసరికి ఎలా వచ్చిందండీ?”

అంకుల్ నమలడం ఆపాడు. ఆంటీ కొంచెం మెత్తబడింది. “కోర్టుకి వెళ్ళండి. తండ్రినంటే వింటారు. ఆ ఫారమేదో నేనే తెచ్చిస్తాను.”

నేను పెన్సిల్ పట్టుకుని ఎదురుచూశాను. తెమ్మంటాడనే అనుకున్నాను. నాన్న అన్నాడు: “అదలా ఉంచండి. ఫ్లాట్ మాత్రం నాదే కదా?”

బాత్రూంలోకి పోయి నీళ్ళు వదిలాను, ఆ గొంతు మళ్ళీ వినపడకుండా. నన్ను భుజాలమీద ఎక్కించుకు తిరిగిన మనిషి మీద పుట్టిన ఆ రోత ఇన్నేళ్ళయినా తగ్గలేదు. ఒక్క నాన్న మీదే కాదు. గిన్నె ఖాళీ చేసి గానీ లేవని ఆ అంకుల్ మీద, వారాలూ మూఢాలూ చూసి అమ్మను గాలికి వదిలేసిన పెద్దల మీద కూడా. ఆంటీ పెదవుల మీద మెరిసిన చిన్న గెలుపు కూడా నాకు నచ్చలేదు. అక్కడ తూకానికి పెట్టింది నన్ను.

ఫారం నాన్న ఎన్నడూ అడగలేదు. మూడు వారాల్లో మేము ఊరికి అవతలి చివర ఒక టేక్‌అవే హోటల్ పైన గదిలోకి మారాం. కరివేపాకు మొక్క ఆ చలికి పోయింది.

ఆ రోజు ఆంటీ ఏ పుస్తకమూ తెరవకుండా నాకొక లెక్క నేర్పింది. ఒక మనిషి చెప్పిన మాట ఒకచోట ఎంతో, రెండోచోటా అంతే ఉండాలి. తనకు లాభమున్న చోట ఒకటి, లేని చోట ఇంకొకటి అయితే అది మాట కాదు. ఇప్పటికీ ఎవరు ఏం చెప్పినా, రెండోచోట వేసి చూశాకే నమ్ముతాను. నేను చెప్పేదాన్నీ అలాగే చూసుకుంటాను.

అమ్మ ఏ కోర్టూ చెప్పకుండానే, నాకు పదహారేళ్ళు నిండేదాకా శనివారం విడిచి శనివారం నాన్న వచ్చి నన్ను చూడవచ్చని కబురు చేసింది. ఏడాదికి ఇరవై ఆరు. అయిదేళ్ళకు నూట ముప్పై. నాన్న వచ్చినవి పదమూడు. నాకు ఇంకా రావలసిన శనివారాలు నూట పదిహేడు.