తిన్నె మీద తొమ్మిది రోజులు

పక్కింటి కోడలు నిన్న సాయంత్రం ఒక దరఖాస్తు తెచ్చి నా ముందు కూర్చుని కొంత చదివి వినిపించింది. మొగుడు కొడుతున్నాడని, గృహహింస కేసులు చూసే రక్షణాధికారి సాయంతో కోర్టులో పెట్టబోతున్న దరఖాస్తు అది. ఇల్లు ఎవరి పేరున ఉన్నా సరే, ఫిర్యాదు చేసిందన్న కోపంతో భార్యను బయటికి గెంటకూడదని చట్టంలో ఉందని ఆ పిల్ల చెబితే, ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాను. నా కాలంలో ఆ ఒక్క మాట లేకనే కదా, నేను తిన్నె మీద తొమ్మిది రోజులు కాపురం చేసింది.

ఇదే ముత్తియాల్‌పేట, ఇదే ఇల్లు. చెయ్యి విరిగేలా కొట్టాడని స్టేషనుకు పోతే, అక్కడి పెద్దాయన నన్ను నిలబెట్టి, నా మొగుడికి కుర్చీ వేయించి, ఇది ఇంటి గొడవ, వీధి పెద్దలతో తేల్చుకోండని పంపేశాడు. ఆ కుర్చీని నేనింకా మరిచిపోలేదు. వీధి పెద్దలంటే మా మామగారి స్నేహితులే. నాలుగు దినాలు ఏంబలంలో పుట్టింట్లో ఉంటే ఆయన కోపం చల్లారుతుందన్నారు. దెబ్బలు తిన్నది నేను, చల్లారాల్సింది ఆయన కోపం! మా అక్క కూడా ఒకప్పుడు అలాగే నాలుగు దినాలకని పుట్టింటికి వచ్చి, పిలుపు కోసం చూస్తూ అక్కడే ముసలిదైపోయింది. అందుకే నేను కదలనన్నాను. అత్త లోపల గడియ పెట్టుకుంది. నేను బయట తిన్నె మీద చాప పరుచుకున్నాను.

బడిలో ఆయా పని చూసుకుని వచ్చి, కట్టుకట్టిన చేత్తోనే కిరసనాయిలు స్టవ్వు మీద ఇంత వండుకునేదాన్ని. ఎదురింటాయన రోజూ సైకిలాపి, "ఏంది కోడలా, తిన్నె మీదనే కాపురమా?" అని నవ్వేవాడు. ఒకరోజు, "అవును మామా, గాలి బాగా వస్తా ఉండాది. మీ ఇంట్లో అత్తనూ పంపించు, ఆమెకూ కావాల" అన్నాను. మర్నాటి నుంచి ఆ సైకిలు వేరే వీధిన పోయింది.

తొమ్మిదో రోజు అత్త తలుపు తీసింది. జాలితో కాదు, ఆడబిడ్డను చూడ్డానికి పెళ్లివారు వస్తున్నారు, కోడలు వీధిలో కనిపిస్తే పరువు పోతుందని. ఆ తరువాత కూడా ఆయన చెయ్యి ఊరికే ఉండలేదు గానీ, బయటికి పొమ్మనే మాట మాత్రం మళ్లీ అనలేదు. నేను గెలిచాననే అనుకున్నాను.

ఇదంతా చెప్పి, ఏమైనా సరే ఇల్లు మాత్రం వదలొద్దని ఆ పిల్లకు గట్టిగా చెప్పాను.

"నాకెందుకవ్వా ఆ ఇల్లు?" అంది. "యాడ చూసినా దెబ్బలే గుర్తొస్తా ఉండాయి. వేరే ఇల్లు తీసుకుంటా, బాడుగ ఆయన్నే కట్టమని దీంట్లోనే కింద రాసి అడిగినా. అట్లా కూడా అడగొచ్చంట."

ఆమె వెళ్లాక నాకు ఏ పనీ తోచలేదు. మా తరం ఆడవాళ్లం బయటికి నెట్టకుండా ఉంటే చాలని పోరాడినవాళ్లం. నీకు ఈ ఇల్లు కావాలా అని స్టేషనులోనూ అడగలేదు, పెద్దలూ అడగలేదు. ఆ నేరం కూడా వాళ్ల లెక్కలోనే వేద్దామని చూశాను. కానీ ఆయన పోయి ఇన్నేళ్లయినా ఇక్కడే ఉన్న నేను, ఆ మాట నన్ను నేను ఒక్కసారైనా అడగలేదు.