దించుడు మాస్టారు

మా మేనల్లుడికి మేం పెట్టిన పేరు ఇప్పుడు కాలేజీ హాజరుపట్టీలో తప్ప ఎక్కడా కనపడదు. గేటు దగ్గర నిలబడి బాస్కెట్‌బాల్ కోచ్ ఇల్లెక్కడని అడగండి. "ఎవరు, దించుడు మాస్టారా?" అని ఎదురు ప్రశ్న వేసి, ఆ తర్వాతే దారి చూపిస్తారు. కాలేజీ హాల్లో ఒక వెండి కప్పు ఉంది. దాని కింద చెక్క మీద, "ఆఖరి ఘడియలో నిచ్చెనను దించి గెలిపించిన మాస్టారికి" అని రాయించారు అభిమానులు. దించమన్న మాట నిజమే. ఆ మాట అతను అన్నప్పుడు వెనక మెట్టు మీదే కూర్చున్నాను, నా చెవులతో విన్నాను. అందుకే ఇది రాయాల్సింది నేను. వాడు చదివితే కోప్పడతాడు. కోప్పడనీ, మేనమామని.

నేను చదివింది ఊరి బడిలో ఏడో తరగతి దాకానే. అయినా మా వీధికి మంచినీళ్ళ గొట్టం తెప్పించింది నేను. హమాలీల సంఘానికి మూడుసార్లు ప్రెసిడెంటుగా చేశాను, మూడోసారి పోటీకే ఎవరూ నిలబడలేదు. కాలేజీ ఆటస్థలంలో జనం కూర్చునే సిమెంటు మెట్లు నేను చెప్పులరిగేలా తిరిగి కట్టించినవే. మొదటి మెట్టు మీద నా పేరు చెక్కుతామన్నారు. జనం దాని మీదే కదా కూర్చునేది, వద్దన్నాను. ఇవన్నీ గొప్పకి చెప్పడం లేదు. మా వంశంలో పట్టిన పని వదిలిపెట్టే అలవాటు లేదని చెబుతున్నాను.

మేనల్లుడిదీ అదే రకం. మా అక్క హాస్టలు వంటశాలలో వంట చేసేది. వీడు ఆ పొయ్యిల పక్కనే పెరిగాడు. "వండటం ఎవడైనా వండుతాడురా, ఎప్పుడు దించాలో తెలియాలి" అనేది మా అక్క. పెద్ద గిన్నె అడుగంటే వాసన ఇంకెవరి ముక్కుకీ తగలకముందే ఆమెకి తగిలేది. వీడు ఆటలోకి వెళ్ళాక కూడా ఆ మాట వదల్లేదు. కోర్టులో ఉన్న పిల్లని బయటికి పిలవాలంటే "దించు" అంటాడు. కొత్తవాళ్ళు మొదటి వారం తికమకపడేవాళ్ళు, తర్వాత అలవాటుపడేవాళ్ళు. లోపలికి పంపాలంటే మాత్రం ఎప్పుడూ "వెళ్ళు" అనే అనేవాడు.

నిచ్చెన అనేది ఆ పిల్ల అసలు పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. తలుపులన్నీ తల వంచి దాటే పిల్ల. బుట్ట కింద ఎగిరితే దిగడం మర్చిపోయిందా అనిపించేది. రెండో ఏడు సాధనలో కుడి మోకాలు మెలికపడింది. డాక్టరు మా మేనల్లుణ్ణీ పిల్లనీ కూర్చోబెట్టి చెప్పాడు: ఆడొచ్చు, కానీ అలిసిపోయాక ఆడకూడదు. అలిసిన కాలు నేల మీద తప్పుగా ఆనుతుంది. ఇంకొక్కసారి మెలికపడితే ఆట సంగతి అటుంచి, నడకకే గ్యారంటీ లేదు.

పిల్ల తల్లి నూలు మిల్లులో పని చేస్తుంది. పొద్దస్తమానం నిలబడి చేసే పని. మా మేనల్లుడు ఆమె ఇంటికి వెళ్ళి, పిల్లని ఆడనిస్తారా అని అడిగాడు. "కాళ్ళ విలువ నాకు తెలుసు మాస్టారూ. మీ చేతిలో పెడుతున్నాను. ఎలా తీసుకెళ్తున్నారో అలాగే నడిపించుకుని రండి," అంది. వీడు సరేనన్నాడు. అప్పటినుంచి ప్రతి ఆటలోనూ చివరి నిమిషాలకి నిచ్చెనని బయటికి పిలిచి, ఆమె చోట పొట్టిది అని పిలిచే ఇంకో పిల్లని పంపడం మొదలుపెట్టాడు. కారణం ఇంట్లో నాకు చెప్పాడు, బయట ఎవరికీ చెప్పలేదు.

ఇక గేటు ఎదురుగా ఉన్న కుట్టుషాపులో చర్చ ఎలా సాగేదో చెప్పాలా? దర్జీ అభిమానుల సంఘానికి గొంతు. వాడి కత్తెర కన్నా నోరు పదును. ఆఖర్లో నిచ్చెనని ఆటలోకి దించడని ఎగతాళిగా దించుడు మాస్టారని పేరు పెట్టింది వాడే.

"గెలిచే ఆటని చేతులారా కాలవలో పారేస్తున్నాడండీ మీ మేనల్లుడు," అన్నాడు ఒకరోజు సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"అలిసిన పిల్లని కూర్చోబెడితే తప్పేంట్రా?" అన్నాడు పోస్ట్‌మాన్. ఆయన రిటైరై చాలా కాలమైంది, అయినా రోజూ ఆ వీధంతా ఒక చుట్టు తిరిగితే గానీ అన్నం సహించదు.

"నిచ్చెన అలిసిపోవడమేంటి? ఉత్తరాలు పంచి మీరు అలిసేవారు."

"నేను అలిసినా ఉత్తరం ఇంటికి చేరేది. నీకిచ్చిన నా పాంటు గుడ్డ ఇంకా చేరలేదు."

"పాంటు ఎక్కడికీ పోదు. కప్పు పోతుంది. మొన్న చూశారా? ముందున్నాం, హాయిగా ఉన్నాం. ఈయన నిచ్చెనని లాగేసి పొట్టిదాన్ని పంపాడు. బంతి చేతికొస్తే పొట్టిది ఏం చేసింది? పసిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకి హత్తుకుంది."

"ముందున్నప్పుడు కాచుకోవాలిరా. పొట్టిది చేతులు బాగా అడ్డం పెడుతుంది."

"కాచుకునేవాడు కాపలా ఉద్యోగం చూసుకోవాలి. ప్రెసిడెంటు గారూ, మీరు చెప్పండి, ఇంట్లో ఏమంటాడు?"

"ఇంట్లో ఆట మాట ఎత్తడు," అన్నాను. మింగలేక కక్కలేక కూర్చోవడం అంటే ఏమిటో ఆ షాపు బల్ల మీద నేర్చుకున్నాను.

మొదట్లో నవ్వుతూనే తిట్టేవారు. సెమీఫైనల్లో కూడా నిచ్చెనని ముందే బయటికి పిలిచాడు, ఒక్క పాయింటుతో చచ్చీచెడీ గెలిచాం. ఆ రోజునుంచి నవ్వు పోయింది. నేను షాపులోకి వెళ్తే మాటలు ఆగిపోయేవి, మిషను మాత్రం కదిలేది. పోస్ట్‌మాన్ వాదించడం మానేసి కిటికీలోంచి బయటికి చూసేవాడు. ఎవరో మేనల్లుడి స్కూటరు టైర్లు రెండూ కోసేశారు. మర్నాడు మా గోడ మీద బొగ్గుతో "దించు" అని రాసి ఉంది. తుడిచాం. మళ్ళీ రాశారు. ప్రిన్సిపాల్ పిలిచి, ఫైనల్లో ఆ పిల్లని బయట కూర్చోబెట్టి ఓడిపోతే వచ్చే ఏడు మీరు రానక్కర్లేదని మెత్తగా చెప్పాడు.

దర్జీ కుర్రకారుకి చప్పట్ల వరస నేర్పుతున్నాడు. "నిచ్చెనని, దించు! నిచ్చెనని, దించు!" అంటే ఆఖర్లో బరిలోకి దించమని. మన భాషలో ఆ మాటకి రెండు ముఖాలు. ఎన్నికల్లోకి మనిషిని దించుతాం, పొయ్యి మీంచి గిన్నెనీ దించుతాం. ఒకటి పొమ్మనడం, ఒకటి రమ్మనడం. వీధి వీధంతా ఒక అర్థంతో అరుస్తున్న మాటని నా మేనల్లుడు ఒక్కడే ఇంకో అర్థంతో వాడుతున్నాడు.

"చెప్పెయ్యరా," అన్నాను టైర్లు కోసిన రోజు. "మోకాలు అని ఒక్క మాట అంటే వీళ్ళ నోళ్ళు మూతపడతాయి."

"చెబితే అవతలి జట్టుకీ తెలుస్తుంది మావయ్యా. ఆ పిల్లలు చెడ్డవాళ్ళు కాదు. కానీ ఓడిపోతున్నప్పుడు, ఎక్కడ తగిలిస్తే పడుతుందో తెలిస్తే, కాలు అక్కడికే పోతుంది."

"పోనీ నీ అసిస్టెంటుకైనా చెప్పు."

"అతనికి చెబితే దర్జీకి చెప్పినట్టే. రోజూ టీ అక్కడే."

ఆ అసిస్టెంటు కొత్తగా వచ్చినవాడు. మంచివాడే, చురుకైనవాడే. రేడియో వ్యాఖ్యానాలు విని పెరిగినవాడు. ఎవరైనా మైదానంలోకి వెళ్తుంటే "బరిలోకి దిగుతున్న" అని సాగదీస్తూ తనలో తనే చెప్పుకునేవాడు. దించమంటే ఏమిటో అతనికెవరూ విడమరిచి చెప్పలేదు. బయటికి పిలిచేది ఎప్పుడూ మేనల్లుడే గనక, చెప్పే అవసరమూ రాలేదు.

ఫైనల్ రోజు నా మెట్లు నిండిపోయి జనం గోడలెక్కారు. రేకు డబ్బాలు తెచ్చుకున్నారు. చివరి నిమిషాల్లో మనం ఒక పాయింటు వెనకబడ్డాం. నిచ్చెన ఇంకా లోపలే ఉంది. దిగిన ప్రతిసారీ కుడికాలు కొంచెం ఆలస్యంగా నిటారవుతోంది. అది ఎంతమందికి కనపడిందో గానీ, నాకు కనపడింది, మేనల్లుడికి కనపడింది. వెంటనే చేతులు అడ్డంగా పెట్టి టైమ్ అవుట్ అడిగాడు. అది మనకి మిగిలిన చివరిది.

పిల్లలంతా బయటికొచ్చి బెంచీ చుట్టూ నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే గడియారం ఆపడం ఆలస్యమైందని స్కోరు బల్ల దగ్గర గొడవ లేచింది, రిఫరీ మేనల్లుణ్ణి రమ్మన్నాడు. వీడు పరుగెత్తుతూ తల వెనక్కి తిప్పి అసిస్టెంటుతో, "నిచ్చెనని దించు," అన్నాడు.

మెట్ల మీద వందల గొంతులు అదే మాట అరుస్తున్నాయి.

అసిస్టెంటు మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకి మాస్టారు జనం మాట విన్నాడనుకున్నాడు. వార్మప్ చొక్కా విప్పేసి తయారుగా నిలబడ్డ పొట్టిదాన్ని భుజం పట్టి కూర్చోబెట్టాడు. "నిచ్చెనా, నువ్వే. సార్ నిన్నే దించమన్నారు," అన్నాడు.

ఆ పిల్ల తల ఎత్తింది. మాస్టారి వీపు వైపు చూసింది. మూడేళ్ళుగా ఆ మాట వింటున్న పిల్ల. ఆ మాటకి బయటికొచ్చి, తువ్వాలు కప్పుకుని, బెంచీ చివర కూర్చోవడమే ఆమెకి తెలిసిన అర్థం. పొట్టిది ఏదో అనబోయింది. నిచ్చెన ఆమె వైపు చూసి తల అడ్డంగా ఊపింది. తర్వాత వంగి, బూటు తాళ్ళు గట్టిగా బిగించుకుని లోపలికి వెళ్ళింది.

మేనల్లుడు బల్ల దగ్గరినుంచి తిరిగేసరికి ఆట మొదలైపోయింది. బంతి అవతలివాళ్ళ దగ్గరుంది. లోపల నిచ్చెనని చూసి వీడి మొహంలో నెత్తురు ఇంకిపోయింది. టైమ్ అవుట్లు లేవు. ఆట ఆగితే గానీ మార్చడానికి లేదు. "ఫౌల్ చెయ్యండి, ఎవరినైనా పట్టుకోండి, ఆట ఆపండి!" అని గొంతు చించుకున్నాడు. ఫౌల్ చేస్తే అవతలివాళ్ళకి పాయింట్లు వెళ్తాయి, కప్పూ వెళ్తుంది. అది తెలిసే అరిచాడు. రెండడుగుల వెనకున్న నాకే అది సగం వినపడింది. రేకు డబ్బాలు మోగుతున్నాయి. దించు, దించు, దించు.

నిచ్చెన బంతి లాక్కుంది. అవతలి చివరి దాకా ఒంటరిగా పరుగెత్తి ఎగిరింది. బంతి బుట్టలో పడింది. ఆమె కూడా కింద పడింది. ముందు పడింది బంతి, అందుకే జనం బంతినే చూశారు. మెట్లు దిగి కోర్టు మీదికి పరుగెత్తుకొచ్చినవాళ్ళు ఆమె లేవకపోవడం చూడ్డానికి కొంతసేపు పట్టింది. అందరికన్నా ముందు చేరింది మేనల్లుడు. మోకాలి మీద చెయ్యి వేసి, వెంటనే తీసేశాడు.

ఆసుపత్రి వరండాలో అసిస్టెంటు గోడకి ఆనుకుని నిలబడి, "సార్, మీరే కదా దించమన్నారు," అన్నాడు.

"నేనే అన్నాను," అన్నాడు మేనల్లుడు.

కాలికి కట్టుకట్టి పిల్లని ఇంటికి పంపాక, ఒక సాయంత్రం తల్లిని చూడ్డానికి బయల్దేరాడు. తోడు నేను వెళ్ళాను. కుట్టుషాపు ముందు నడుస్తుంటే మిషను ఆగింది. దర్జీ మెడలో టేపుతోనే బయటికొచ్చి మేనల్లుడి చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అన్నవన్నీ కడుపులో పెట్టుకోకండి మాస్టారూ. ఆటంటే అదీ. సమయం చూసి దించారు. పిల్లకి తగలడం మన ఖర్మ గానీ మీ నిర్ణయానికి వంక లేదు."

వెనకనుంచి పోస్ట్‌మాన్, "పొట్టిది ఉంటే ఓడేవాళ్ళం, ఒప్పుకుంటున్నాను," అన్నాడు.

మేనల్లుడు చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు.

తల్లి అప్పుడే మిల్లునుంచి వచ్చినట్టుంది, జుట్టులో నూలు పోగులు ఇంకా ఉన్నాయి. గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రమ్మనలేదు. ఆమె వెనక మంచం మీద పిల్ల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టారు.

"ఆపరేషన్ చేసినా కుంటడం పోదట," అంది తల్లి. "అందరూ మీరే దించారని పొగుడుతున్నారు. నాకు మీ నోటితో చెప్పండి మాస్టారూ. మీరే పంపారా?"

నేను నోరు తెరిచాను. ఎన్ని సభల్లో మాట్లాడినవాణ్ణి, ఎన్ని గొడవలు తీర్చినవాణ్ణి, ఉన్నదున్నట్టు చెప్పడానికి నాకు అరక్షణం చాలు. మేనల్లుడు నా మణికట్టు పట్టుకున్నాడు. నిజం చెబితే అది అసిస్టెంటు దగ్గర ఆగదు, మంచం దాకా వెళ్తుంది. ఆ తల్లి ఇక జన్మంతా కూతుర్ని అడుగుతూనే ఉంటుంది, తెలిసి ఎందుకెళ్ళావని.

"నేనే పంపానమ్మా," అన్నాడు.

మంచం మీద పిల్ల తల ఇటు తిప్పింది. ఆమె కళ్ళు నన్ను దాటి మాస్టారి మీద ఆగాయి. పెదవులు కదిలాయి. ఏమైనా అంటుందేమోనని నేను ఎదురుచూశాను. మళ్ళీ గోడవైపు తిరిగింది.

తల్లి అరవలేదు, ఏడవలేదు. "నమ్మి పంపాను," అని మాత్రం అంది. తలుపు వేస్తూ ఒక్క క్షణం ఆగి, మా చెప్పులు గుమ్మానికి అడ్డంగా ఉంటే కాలితో పక్కకి నెట్టింది. గడియ పడిన చప్పుడైంది.

వీధి మలుపులో మేనల్లుడు నిలబడిపోయాడు. "దర్జీ షాపు ముందునుంచి వద్దు మావయ్యా. చెరుకు గోదాముల వెనకనుంచి వెళ్దాం," అన్నాడు.

ఆ దారి రెండింతలు, రాళ్ళదారి. ఈ వయసులో నా కాళ్ళకి ఎక్కువే. సరే పదమన్నాను.