పందొమ్మిది మెట్ల బావి

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో జమ్మలమడుగులో మా ఇంట్లో ముందరి సగమే మాకు మిగిలింది. వెనక సగం కొన్న పత్తి వ్యాపారి తలుపులతో సహా ఊడదీసుకుపోయాడు. అయినా ఇంగ్లీషులో ఉత్తరం రాయించుకోవాలంటే జనం మా అరుగు మీదికే వచ్చేవారు. రాసినందుకు నేను ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు.

ఒక ఉదయం నాపరాయి పని చేసే సాయిబు వచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పటాలంలో చేరి, పాలస్తీనాలో ఒక అరబ్బుల పల్లె పక్కన ఏడాది ఉండి వచ్చినవాడు. చేతిలో అరబ్బీ ఉత్తరం. ప్రొద్దుటూరు మసీదులో చదివించుకుని, ప్రతి మాటా గుర్తుపెట్టుకుని వచ్చాడు.

ఆ పల్లెలో ఒక ముసలి రైతు పెరట్లో దిగుడు బావి ఉండేదట. మెట్లు కదిలిపోతే సాయిబు సెలవు రోజుల్లో దిగి సరిచేశాడు. వాళ్ళు అతనికి రొట్టె, ఉప్పులో ఊరేసిన రేగుపండంత ఆలివ్ కాయలు పెట్టేవారు. తిరిగి వచ్చేటప్పుడు తన ఊరి పేరు రాయించి ఇచ్చాడు. తరువాత అక్కడ అరబ్బులకూ యూదులకూ యుద్ధం వచ్చింది. పల్లె ఖాళీ అయింది. ఇప్పుడు ఆ కుటుంబం జోర్డాన్‌లో గుడారంలో ఉంది.

"మనవరాలు గుడారంలోనే పుట్టిందంట అప్పా. మాకు ఇల్లుండేదని ముసలాయన చెప్తే నవ్వుతాందంట. ఈడ అందరూ అట్లే చెప్తారు, అందరికీ మేడలే అంటాందంట. అందుకే ఆయప్ప నన్ను రాయమన్నాడు. నేను వాళ్ళకేమీ కాను గదా, నా మాటైతే నమ్ముతాదని."

"ఇంకేమడిగాడు?"

"ఇంకేమీ అడగల్యా. ఆడ బడిలో ఇంగ్లీషు అయ్యవారు ఉండాడంట, చదివి చెప్తాడంట."

ఊరూ పొలమూ పోగొట్టుకున్న మనిషి, సముద్రం అవతలి రాళ్ళపనివాణ్ణి సాక్ష్యం ఒక్కటే అడిగాడు.

కాగితం తీసి ధాటిగా రాశాను. పెద్ద భవంతి, ఎన్నో గదులు, యాభై మెట్ల బావి. తెలుగులో చదివి వినిపించాను.

"యాడివి యాభై? పందొమ్మిదే. గదులు రెండే, అందులో ఒకటి గొర్రెలకు."

"అలా రాస్తే వాళ్ళకు మర్యాద ఏముంటుంది, సాయిబూ?"

"మీ ఇంటికి బండలు పరిచింది మా నాయన. నువ్వు పదహారంకణాల ఇల్లని చెప్తాంటావు. ఉన్నింది తొమ్మిదే. నాకు తెల్సు కాబట్టి నవ్వుకుంటా పోతాండా. ఆ పిల్ల గూడా నవ్వాల్నా?"

నా వీపు నిటారుగానే ఉంది. చెవులు మాత్రం కాలిపోయాయి. కాగితం చింపి కొత్తది తీశాను.

అతను కళ్ళు మూసుకున్నాడు. మొదటి మెట్టు వెడల్పు. నాలుగోది ఎడమ మూల విరిగింది. ఏడోది కడవలు ఆనీ ఆనీ గుంటపడింది. పదకొండోది తను మార్చినది, దాని అడుగున తన ఉలితో మూడు గీతలు ఉన్నాయి. చెబుతూ మా అరుగు మీదే కుడికాలు చాపి, ఒక్కో మెట్టునూ తడుముకుంటూ దిగుతున్నాడు. పందొమ్మిదో మెట్టు దగ్గర నీళ్ళు తగిలినట్టు కాలు చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. పుట్టినప్పటి నుంచీ ఎక్కి దిగుతున్న మా వీధిమెట్లు ఎన్నో నాకు తెలియదు. తల వంచి, అతనికి కనబడకుండా లెక్కపెట్టాను. అయిదు.

కొన్ని నెలలకు జవాబు మా ఇంటికే వచ్చింది. సాయిబు అప్పుడు పులివెందులలో బండల పనిలో ఉన్నాడు. నేనే ప్రొద్దుటూరు పోయి దాన్ని చదివించి, అక్కడి నుంచి పులివెందుల బస్సెక్కాను. పనివాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళినవాడు మా వంశంలో అంతకుముందు లేడు.

పైన ముసలాయన దీవెనలు రెండు వరసలు. కింద గుండ్రటి పెద్ద అక్షరాలు, ఆ పిల్ల రాసినవి. నాలుగో మెట్టు ఎవరు విరగ్గొట్టారు? తాత చెప్పడం లేదు.

సాయిబు ఉలి కింద పెట్టి పడీపడీ నవ్వాడు. రాతిపొడి చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాడు.

"యాడ చెప్తాడు! ఆ ముసలోడే ఇరగ్గొట్నాడు. తిరగలి కడుక్కొస్తానని మోసుకుంటా దిగి జారినాడు. నలుగురం కల్సి లేపినాం. అడిగింది సూడప్పా, మెట్టును గురించి అడిగింది! రాసెయ్, మీ తాతేనని రాసెయ్."

బండల దొంతి మీద కూర్చుని కలం మూత తీశాను.

"మెల్లగా చెప్పు మామా," అన్నాను. "ఒక్క మాట కూడా పోకూడదు."