కుక్కర్‌లో పప్పు ఎంతవరకు పోయాలి

దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మధ్యలో మెట్రో పిల్లర్లు లేస్తున్న ఏడాది, జూన్ నెలలో నన్ను అక్కడి సర్వీస్ సెంటర్‌కు సూపర్‌వైజరుగా వేశారు. కుక్కర్లు, మిక్సీలు, గ్యాస్ స్టవ్‌లు తయారుచేసే కంపెనీ మాది. సూపర్‌వైజరంటే పెద్ద హోదా ఏమీ కాదు. పైన ఏరియా మేనేజరు, కింద ఇద్దరు మెకానిక్కులు, మధ్యలో అందరి తిట్లూ తినే మనిషి. శనివారం సాయంత్రాలు పక్క షోరూములో డెమో ఇవ్వడం కూడా నా పనే. డెమో అంటే కొనడానికి వచ్చినవాళ్ల ఎదుట వండి చూపించడం.

నాకు నోరు బాగా ఆడుతుంది, ఒప్పుకుంటాను. మూత రబ్బరు వదులైతే వెంటనే పారేయకండి, కాసేపు ఫ్రీజర్‌లో పెట్టి చూడండి అనేవాణ్ణి. మిక్సీ బ్లేడు మొద్దుబారితే గుప్పెడు రాళ్ల ఉప్పు వేసి తిప్పమనేవాణ్ణి. విజిల్ కూర్చునే సన్నటి గొట్టాన్ని వెంట్ పైపు అంటాం. మూత పెట్టే ముందు దాన్ని వెలుతురుకు ఎత్తి చూడండి, అవతలి వెలుగు కనిపించాలి, లేకపోతే సూదితో శుభ్రం చేయండి అని చెప్పేవాణ్ణి. ఆడవాళ్లు శ్రద్ధగా వినేవాళ్లు. నేను ఉబ్బిపోయేవాణ్ణి.

ఒక శనివారం ప్రసాదరావు గారని, కోచింగ్ పిల్లల హాస్టల్ నడిపే ఆయన, తన వంటమనిషి యాదమ్మను వెంటబెట్టుకొని వచ్చారు. ఆమెది నల్గొండ వైపు పల్లె. ఎల్బీ నగర్‌లో కిరాయి గదిలో ఉంటూ, తెల్లారకముందే హాస్టల్‌కు వచ్చి నలభై మందికి వండేది. ఆయనకు పన్నెండు లీటర్ల కుక్కర్ కావాలి. నలభై మంది పప్పూ ఒక్క విడతలో అయిపోతుందా అన్నదే ఆయన ప్రశ్న.

ఇక్కడ కొంచెం మా పని సంగతి చెప్పాలి. కుక్కర్ లోపల ఒక గీత ఉంటుంది, మూడింట రెండు వంతుల దగ్గర. అన్నానికి అంతవరకు పోయవచ్చు. పప్పుకు మాత్రం నీళ్లతో కలిపి సగమే. పప్పు పొంగుతుంది, ఆ నురగ వెంట్ పైపుకు అడ్డం పడుతుంది. సగం అంటే ఆయన పప్పు ఒక విడతలో కాదు. కాదంటే బేరం పోతుంది. నేను గీత దాకా పోశాను.

నాకేమీ కాదని నాకు తెలుసు. పప్పు నానబెట్టి ఉంచాను, రెండు గరిటెల నూనె వేశాను, మంట సన్నగా పెట్టాను, మూత కొత్తది. ఈ కిటుకులేవీ బయటికి చెప్పలేదు. చెబితే ఇంత తతంగమా అంటారని భయం. యాదమ్మ ముందు వరుసలో నిలబడి, కొంగు నడుముకు చెక్కుకొని, నా చేతులనే చూసింది. బ్రహ్మాండంగా ఉడికింది. ప్రసాదరావు గారు కుక్కర్ తీసుకెళ్లారు.

రెండు వారాలకు ఫిర్యాదు రిజిస్టరులో ఆ హాస్టల్ పేరు పడింది. మనిషికి దెబ్బ తగిలిన ఫిర్యాదైతే మెకానిక్కును పంపకూడదు, సూపర్‌వైజరే వెళ్లాలి. వెళ్లాను. వంటగది పైకప్పంతా పప్పు. మూత మీద సేఫ్టీ వాల్వ్ కరిగిపోయి ఉంది. ఆవిరి దారి మూసుకుపోతే కుక్కర్ పేలకుండా అది కరిగి ఆవిరిని వదులుతుంది. దాని పని అది చేసింది. యాదమ్మ కుడి ముంజేయి నిండా బొబ్బలు, పైన టూత్‌పేస్టు పూసుకొని ఉంది.

ప్రసాదరావు గారు మర్యాదగానే మాట్లాడారు. కుక్కర్‌దే తప్పయితే మీ మేనేజరుతో తేల్చుకుంటాను, ఈవిడ తప్పయితే ఈ రోజే పని మానిపిస్తాను, పిల్లలున్న చోట ఇలాంటివి కుదరవు, ఏదో ఒకటి కాగితం మీద రాసివ్వండి అన్నారు. మూడో మనిషి ఒకడున్నాడని ఆయనకు తెలియదు. యాదమ్మకు తెలుసు.

"సార్, ఆ దినం మీరు గీ గీత దాంక పోసిండ్రు. నేను గూడ గంతే పోసిన."

"అది అన్నానికమ్మా. పప్పుకు సగమేనని చెప్పాను కదా," అన్నాను.

చెప్పలేదు. ఆమె గుర్తుచేసుకుంటున్నట్టు నా మొహంలోకి చూసింది. ఛీ, తిట్టినా బాగుండేది.

"నాకే సమజ్ కాలేదేమో సార్," అంది.

ప్రతి ఫిర్యాదుకూ మేం నింపే జాబ్ కార్డులో మూడు గళ్లుంటాయి: ఫిర్యాదు, పరిశీలన, కారణం. మూడో గడిలో 'వాడినవారి అజాగ్రత్త, పరిమితికి మించి నింపడం' అని రాసి సంతకం పెట్టాను. యాదమ్మ టిఫిన్ డబ్బా ఎడం చేత్తో పట్టుకొని, నాకు దండం పెట్టి మరీ మెట్లు దిగింది. ఏరియా మేనేజరు రిపోర్టు బాగుందన్నాడు. తర్వాతి శనివారం నుంచి డెమోలో సగమే పోశాను, ఆ మాట గట్టిగా చెప్పాను కూడా. హాస్టల్‌కు మాత్రం తిరిగి వెళ్లలేదు. నిజం చెబితే ఉద్యోగం పోయేది కాదు. ఒక మెమో వచ్చేది, అంతే. అందుకే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

రిటైరై వనస్థలిపురంలో ఉంటున్నాను. ఈమధ్య చంపాపేట్ మెయిన్ రోడ్డులో ఒక కర్రీ పాయింట్ దగ్గర ఆగితే, గరిటె పట్టుకున్న చేయి మీద మచ్చ చూసి గుర్తుపట్టాను. నాకంటే ముందే ఆమె గుర్తుపట్టింది. బాగున్నరా సార్ అని పలకరించింది. వెనక స్టవ్ మీద పెద్ద గిన్నెలో పప్పు కుతకుతమంటోంది. గంటల తరబడి గ్యాస్ కాలుతుంది కదా, కుక్కర్ ఎందుకు వాడవని అడిగాను. పాత అలవాటు, నోరు ఊరుకోదు.

"కుక్కర్ నాకు సమజ్ కాదు సార్. ఆ దినం మీరు చెప్పినా సమజ్ కాలే గద."

అప్పుడు చెప్పాను. ఆ రోజు నేను సగమని చెప్పలేదని, తప్పు నాదేనని, అబద్ధం రాశానని. ఆమె గరిటె గిన్నెలోనే వదిలేసి నా వైపు తిరిగింది.

"ఇన్నేండ్లు నాకే దిమాక్ లేదనుకున్న సార్," అని, నా వెనకాల నిలబడ్డ మనిషికి ఏం కావాలో అడిగింది.

సర్వీస్ పనిలో కారణం గడి చివరిది. పై రెండూ చూశాకే దాన్ని నింపాలి. నేను దాన్ని ముందే నింపుకొని పైవి రాసుకున్నాను. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఒకటే చెబుతాను: చేసి చూపించినదే జనం నేర్చుకుంటారు, దాచిన కిటుకు ఎవరి చేతిమీదో పడుతుంది. అన్నానికి గీత వరకు, పప్పుకు సగం. ఆ రోజు షోరూములో ఈ మాట చెప్పడానికి అర నిమిషం చాలు.