గుర్రాన్ని కొనేవాడికే పరీక్ష

గుర్రం కొనడానికి సలహా అడిగితే మా నగరేశ్వరరావు బాబాయి గుర్రాన్ని వదిలేసి, ముందు కొనేవాణ్ని పరీక్ష చేస్తాడు. శ్రీకాకుళంలో ఆయనది పగ్గాలు, కళ్లేలు, జీనులు అమ్మే కొట్టు. పక్కదే నా టైలరింగు షాపు. జీను కింద వేసే మెత్తలు నేనే కుట్టిస్తాను కాబట్టి ఆ పరీక్షలన్నీ కళ్లారా చూశాను.

పెళ్లి ఊరేగింపులకి తెల్లగుర్రం కొంటానని రమేష్‌బాబు వచ్చాడు. బాబాయి అతని వీపు మీద జీను కట్టి, "డీజే బాక్సు పక్కన గంటసేపు నిలబడి రా" అన్నాడు. పావుగంటకే పరుగెత్తుకొచ్చాడు.

"సెవులు పగిలిపోతన్నాయి సావుకారు గారూ!"

"నీవి బుల్లి సెవులు. గుర్రానివి జానెడేసి ఉంటాయి. ఎలిపో!"

"ఇలగైతే కొట్టు సాగుతాదేటి బాబాయ్?" అన్నాను.

"కొన్నోడికి గుర్రం నచ్చకపోతే అమ్మేస్తాడమ్మా. గుర్రానికి కొన్నోడు నచ్చకపోతే ఎవులకి సెప్పుకుంటాది?"

ఒకరోజు భావనపాడు నుంచి గంగులు అనే జాలరి వచ్చాడు. పడవలో పడి భుజం దెబ్బతింది, వల లాగలేడు. బీచికి వచ్చే పిల్లల్ని గుర్రమెక్కించి తిప్పాలని ఆశ. బాబాయి కొత్త కళ్లెం తీసి అతని నోటికే పెట్టాడు.

"ఎలగున్నాది?"

"సల్లగా ఉన్నాది బాబూ. గుర్రానికైతే ముందు సేత్తో రుద్ది ఎచ్చబెట్టాల."

బాబాయి జన్మలో మొదటిసారి ఒక మనిషిని పాస్ చేశాడు.

నౌపడ దగ్గర ధనరాజ్ అనే ఆయన ఆడగుర్రాన్ని అమ్ముతున్నాడంటే ముగ్గురం వెళ్లాం. నేను మెత్తకి కొలతలు తియ్యడానికి. బాబాయి పాఠం మొదలెట్టాడు. "పళ్లు వయసు సెప్తాయి. గట్టినేల మీద నడక నిజం సెప్తాది. జీను ఎన్నెముకకి తగలకూడదు. పొట్టకింద పట్టీలో సేతి ఏళ్లు రెండు దూరాల." పళ్లు చూశాడు, గిట్టలెత్తి చూశాడు, రాళ్ల మీద నడిపించి చప్పుడు విన్నాడు. అన్నీ భేషుగ్గా ఉన్నాయి. చివరికి పొట్ట మీద చెయ్యి ఆన్చి, "వద్దురా" అన్నాడు.

"ఏటి బాబూ, కుంటిదా?"

"సూడితో ఉన్నాదిరా. పదకొండు నెలలు మొయ్యాల, ఇప్పటికి ఎనిమిదైనా నిండుంటాయి. ఈని, పిల్ల పాలు మరిసేదాకా దీని ఈపు మీద ఎవులూ ఎక్కకూడదు."

గంగులు మొహం మాడిపోయింది. "అందాకా నా ఇంట్లో పొయ్యెలగొద్దేటి?" అని విసవిసా వెళ్లి బస్సెక్కేశాడు.

నాకూ ఒళ్లు మండింది. "నీ పరీక్షలు తగలెయ్య! ఆడి బతుకు సూడవేటి?" అన్నాను. బాబాయి గుర్రం మెడ నిమురుతూ ఉండిపోయాడు.

మూడోరోజు పొద్దున్న చూస్తే ఆ గుర్రం మా షాపుల వెనక పెరట్లో గడ్డి మేస్తోంది. కొన్నది బాబాయే. గంగులుకి కబురెళ్లింది.

"దీన్ని సూసుకోడానికి జీతానికి మనిషి కావాల. బేగి వచ్చీ" అన్నదే ఆ కబురు.

గంగులు ఆ రోజే పనిలోకి దిగాడు. వానలు పడేవేళకి గుర్రం ఈనింది. పిల్ల పాలు మరిచాక, బాబాయి తల్లికి కొత్త జీను వేసి పగ్గం గంగులు చేతిలో పెట్టాడు.

"తోలుకెళ్లు. తల్లీ పిల్లా నీవే."

గంగులు పగ్గాన్ని కళ్లకద్దుకున్నాడు. "ఒక్కసారి మీరెక్కి ఇవ్వండి బాబూ. మీ సెయ్యి మంచిది" అన్నాడు.

బాబాయి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"గట్టిగా అనకురా! సైకిలెక్కితేనే నాకు కళ్లు తిరుగుతాయి."