నీళ్ళు బయటికి పోయే బూట్లు

మా బావ నిద్రలోనే పోయారని అక్క ఫోన్ చేసినప్పుడు నేను నమ్మలేదు. "ఇంకో డాక్టరుని పిలవండి," అన్నాను. "అచ్చం మీ బావలాగే మాట్లాడతన్నావేట్రా," అంటూ అక్క ఏడ్చింది. నిజమే. ఎవరి మాటా ఒక పట్టాన నమ్మకపోవడం నాకు ఆయన దగ్గరే అంటుకుంది.

బస్సు మీద భీమిలి అని బోర్డున్నా కండక్టరుని అడిగేవారు. అతను ఔనన్నాక పక్క సీటాయన్నీ అడిగేవారు. పాలవాడు నవ్వుతూ పలకరిస్తే ఇవాళ నీళ్ళు ఎక్కువ కలిపాడన్నమాటే.

నాకు షుగరు. అరికాళ్ళకు స్పర్శ పోయింది. భీమిలిలో నది సముద్రంలో కలిసే చోట, గోరువెచ్చటి నీళ్ళలో మోకాలి లోతున నిలబడి వల విసరడం నాకున్న ఒకే ఒక్క సరదా. కానీ అడుగున రాళ్ళు, వాటికి అంటుకుని పదునైన గుల్లలు. కాలికి పుండు పడితే కాలే తీసెయ్యాల్సి రావచ్చని డాక్టరు చెప్పాడు. ఇంటిల్లిపాదీ మానెయ్యమన్నారు. బావ ఒక్కరే, "మానిపిస్తే దొంగసాటుగా ఎల్తాడు. ఈణ్ణి నాను నమ్మను. బూట్లు కొనిద్దాం," అన్నారు.

చెప్పుల కొట్టువాడు ముందుగా ఖరీదైన జత తీశాడు. "వాటర్‌ప్రూఫ్ సార్, చుక్క లోపలికి పోదు."

"మోకాల్లోతు దిగితే పైనుంచి ఎల్లవేటి? ఎల్లిన నీళ్ళు మరి బయటికెలాగొస్తాయి?"

అతను హవాయి చెప్పులు చూపించాడు. అల లాక్కుపోతుందన్నారు. ప్లాస్టిక్ శాండల్స్ చూపించాడు. "కాలేళ్ళు బయటకున్నాయి, గుల్ల ఊరుకుంటాదా?" అన్నారు. చివరికి పిల్లలు బడికి వేసుకునే రకం కాన్వాసు బూట్లు, అన్నిటికన్నా చవకవి, నా సైజులో తీయించారు. వాటినీ నమ్మలేదు. మడమ జారుతుందేమోనని లాగి చూశారు. అడుగు కుట్టిందో అతికించిందో తెలియాలని గోటితో అంచు గీకారు. "జిగురైతే ఉప్పునీళ్ళకి నోరు తెరిసేత్తాది," అన్నారు. తర్వాత గుమ్మం ముందు బండ మీద నీళ్ళు పోయించి, ఆ తడిలో నన్ను అటూ ఇటూ నడిపించారు.

"పెళ్ళికూతుర్ని కూడా ఇంతలా చూడరు సార్," అన్నాడు కొట్టువాడు.

ఇంటికొచ్చి మేకు కాల్చి, బూట్లకు రెండు పక్కలా అడుగుకి కాస్త పైన చిల్లులు పొడిచారు. నీళ్ళు నింపి, అవి కారిపోయేదాకా పక్కనే కూర్చుని చూశారు. అప్పుడు గానీ ఒప్పుకోలేదు.

ఒప్పుకున్నారు గానీ నమ్మలేదు. ఆదివారం ఆదివారం నాతో వచ్చి ఒడ్డున కూర్చునేవారు. నేను బయటికి రాగానే, "ఏటీ తగల్నేదు బావా," అనేవాణ్ణి.

"నువ్వు సెప్పకు. నీ కాలికే తెలీదు, నీకేటి తెలుస్తాది?" అని బూట్లు విప్పి, సీసాలో తెచ్చిన మంచినీళ్ళతో నా కాళ్ళు కడిగి, వేళ్ళ సందులు వెతికేవారు. పెళ్ళిలో మా నాన్న ఆయన కాళ్ళు కడిగి పిల్లనిచ్చారు. అలాంటి మనిషి నలుగురూ చూస్తుండగా బావమరిది కాళ్ళు కడుగుతుంటే సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి. ఆయనకా పట్టింపే లేదు.

ఒక ఆదివారం చిటికెన వేలి కింద రక్తం కనబడింది. చిల్లులోంచి దూరిన గుల్ల ముక్క ఒకటి చర్మంలో దిగి ఉంది. నాకు తెలియనే లేదు. బావ ఒక్క మాటా తిట్టకుండా తువ్వాలు చుట్టి, ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. గాయం మానేదాకా నా వల ఎక్కడ దాచారో చెప్పలేదు. నేనీ రోజు రెండు కాళ్ళ మీద నడుస్తున్నానంటే అది ఆయన అనుమానం పుణ్యమే. ఆ మాట ఆయనతో అంటే, ఇప్పుడెందుకు పొగుడుతున్నానా అని అనుమానించేవారు.

పోయిన ఆదివారం అక్క, పిలవకుండానే, నాతో భీమిలి బస్సెక్కింది. నేను నీళ్ళలో ఎంతోసేపు ఉండలేకపోయాను. బయటికి వచ్చి కూర్చోగానే నా కాలు తన ఒళ్ళోకి లాక్కుంది.

"పెద్దదానివి, నా కాళ్ళు ముట్టుకోకక్కా," అన్నాను.

"నోర్ముయ్," అంది.

వేలు వేలూ విడదీసి చూసింది. "ఏటీ నేదురా," అంది. తన మాట తనకే నమ్మకం లేనట్టు మళ్ళీ బొటనవేలి దగ్గర్నుంచి మొదలుపెట్టింది. తల ఎత్తడం లేదు. ఆమె కన్నీళ్ళు నా అరికాలి మీద పడుతున్నాయి. ఆ తడి నాకు తెలియడం లేదు. చూస్తున్నాను.